మారిషస్ తెలుగువారి ఇళ్లు: గడ్డికప్పు నుండి కాంక్రీటు వరకు

మారిషస్ చెరకు తోటలకు వచ్చిన తెలుగువారి నివాసం నూటయాభై ఏళ్లలో మూడు రూపాలు ధరించింది. క్రియోల్ భాషలో వీటిని లాకాజ్ లపాయ్ (పూరిల్లు), లాకాజ్ తోల్ (రేకుల ఇల్లు), లాకాజ్ బెతోన్ (కాంక్రీటు ఇల్లు) అంటారు. పాత ఇంటిని విడిచి కొత్త ఇల్లు కట్టుకోవడాన్ని సంప్రదాయంపై మోజు తగ్గడంగా చెప్పడం పరిపాటి. అయితే ఈ దీవిలో ఆ మార్పును శాసించినది ప్రధానంగా తుపాను.

స్వదేశపు ఇల్లు

మద్రాసు, కోరంగి, విశాఖపట్నం రేవుల నుండి ఓడలెక్కినవారిలో పలువురు గాలివానల తీరం ఎరిగినవారే. కోరంగి రేవు 1839 నవంబరు తుపానులో ధ్వంసమైంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆనాటి వాడుక ఇళ్లలో చుట్టిల్లు ఒకటి. గుండ్రని మట్టిగోడ, దానిపై శంఖువు ఆకారపు తాటాకు కప్పు, నేలకు దగ్గరగా దిగిన చూరు దాని లక్షణాలు. మూలలు లేని గోడను గాలి చుట్టి పోతుంది. వంగిన చూరు కింద దూరి కప్పును లేపడం గాలికి కష్టం.

కాంపు

తోటలో కూలీల నివాసాన్ని కాంపు అనేవారు. స్థలమూ, ఇళ్ల వరుసా, వాడే సామగ్రీ ఎస్టేటు ఆధీనంలో ఉండేవి. చెరకు ఆకుతోనూ, గడ్డితోనూ కప్పు వేసేవారు. నేలను పేడతో అలికేవారు. కూలీల స్థితిగతులను విచారించడానికి 1872లో నియమితమైన రాజ విచారణ సంఘం 1875లో నివేదిక సమర్పించింది.

సొంత నేల, రేకుల ఇల్లు

పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఎస్టేటుల భూములు ముక్కలుగా అమ్ముడయ్యాయి. ఈ మోర్సెల్‌మాన్ వలన ఒప్పందం ముగిసిన కుటుంబాలకు సొంత స్థలం దక్కింది, ఊళ్లు ఏర్పడ్డాయి. ఇంటి ఆకృతిని యజమానే నిర్ణయించుకొనే అవకాశం అప్పుడు కలిగింది. కొయ్య చట్రానికి రేకులు బిగించిన ఇంటి ముందు వరాంగ్ వెలసింది. ఫ్రెంచి తోటదొరల భవనాల నుండి వచ్చిన ఈ పేరు సూచించే భాగం తెలుగువారికి కొత్తది కాదు. అది మన వసారాయే. చూరు అంచున చెక్కిన లాంబ్రెకాన్ కూడా ఆ భవనాల అలంకారమే. పెరట్లో వేరుగా వంటిల్లు, ముంగిట తులసి, అలికిన నేల మాత్రం మనవి. సంప్రదాయమని నేడు తలచుకొనే ఇల్లు ఈ విధంగా మూడు దేశాల కలయిక.

1960

1892 ఏప్రిల్ 29 నాటి తుపానులో సుమారు పన్నెండు వందల మంది మరణించారు. 1960 జనవరిలో అలిక్స్, ఫిబ్రవరి చివరలో కారోల్ తుపానులు వరుసగా విరుచుకుపడ్డాయి. కారోల్ గాలి వేగం గంటకు 256 కిలోమీటర్లకు చేరింది. పూరిళ్లూ రేకుల ఇళ్లూ వేల సంఖ్యలో కూలిపోయాయి. ఎగిరిన రేకులు మనుషులకూ ప్రమాదకరమయ్యాయి. తరువాత ప్రభుత్వం సిఎచ్ఎ గృహవాడలను నిర్మించింది. 1975 ఫిబ్రవరిలో వచ్చిన గెర్వైజ్ తుపాను కాంక్రీటు పట్ల నమ్మకాన్ని మరింత బలపరచింది.

లాభనష్టాలు

సిమెంటు దిమ్మెల గోడ, చదునైన స్లాబు ప్రాణరక్షణ ఇచ్చాయి. మళ్లీ మళ్లీ నేల అలికే చాకిరీ నుండి స్త్రీలను విడిపించాయి. స్లాబు పైన నిలిపి ఉంచిన ఇనుప ఊచలు కొడుకు కట్టబోయే మేడకు ఆశాచిహ్నాలు. పెరటి చుట్టూ విస్తరించిన ఉమ్మడి కుటుంబం ఇప్పుడు నిలువుగా పెరుగుతోంది.

నష్టమూ ఉంది. నీడలేని స్లాబు పగటి ఎండను దాచుకొని రాత్రి గదులలోకి వదులుతుంది. నిర్మాణానికి లగూన్ల నుండి పగడపు ఇసుకను తోడే పని 2001లో ఆపవలసివచ్చింది. గదులు పెరిగిన కొద్దీ ముంగిలి కుదించుకుపోయింది. దీపం చుట్టూ తిరుగుతూ తెల్లవార్లూ పాడే రామభజనానికి విశాలమైన నేల అవసరం. ఇంట చోటు చాలనివారికి మందిరమే శరణ్యం.

నిలుపుకోదగినవి

పూరికప్పును తిరిగి వేయమని తుపాను ఎరిగినవారెవరూ కోరరు. వరాంగు నీడ, తులసి ముందు ఖాళీస్థలం, ఎదురెదురు కిటికీల గాలి మాత్రం కాంక్రీటుతో పొసగనివి కావు. ఇంటి పటం గీసేనాడే వాటికి చోటు కేటాయించవచ్చు. మిగిలిన రేకుల ఇళ్లను పడగొట్టే ముందు కొలతలు తీసి, ఛాయాచిత్రాలు తీయించి, ఏ గదిని ఏమని పిలిచేవారో పెద్దలనడిగి రాసి ఉంచాలి. ఇల్లు పోయినా ఆ వివరాలు మనుమలకు మిగులుతాయి.