సీలియాక్ వ్యాధి: అనంతపురం సీమలో కౌమారుల పథ్యం

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడక చిన్నప్రేగు దెబ్బతినే స్వయం ప్రతిరక్షక రుగ్మత సీలియాక్ వ్యాధి. ప్రేగులోని చూషకాలు అణగారిపోయి తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, ఇనుము మాత్రలకు లొంగని రక్తహీనత, ఎదుగుదల కుంటుపడటం, యౌవనారంభం ఆలస్యం కావడం దీని లక్షణాలు. గోధుమ మానిపిస్తే పిల్లలు కోలుకుంటారని డచ్ వైద్యుడు విల్లెం డికె 1950 నాటి తన సిద్ధాంత గ్రంథంలో చూపాడు. జీవితాంతం గ్లూటెన్ మానడమే నేటికీ చికిత్స. పిల్లలు, కౌమారుల్లో ఈ పథ్యం పాటించేవారు అధ్యయనాన్ని బట్టి 23 నుంచి 98 శాతం దాకా ఉన్నారని 2020లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష తేల్చింది. కౌమారుల్లో పథ్యం సడలే ముప్పు ఎక్కువనీ, తల్లిదండ్రులకు అవగాహన ఉన్నచోట పిల్లలు గట్టిగా పాటిస్తారనీ అదే సమీక్ష చెబుతోంది. అంటే పథ్యం నిలవడానికి పిల్లల మనోబలం ఒక్కటే చాలదు, ఇల్లూ బడీ తోడు రావాలి. ఆ తోడు ఇవ్వగల వంట అనంతపురం సీమలో తరతరాలుగా ఉంది.

దక్షిణాదిలో అరుదైన జబ్బుకు ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. అరుదన్న మాట నిజమే. దేశంలోని మూడు ప్రాంతాల్లో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించాయి. అయితే వ్యాధికి దారితీయగల జన్యువులున్నవారు రెండుచోట్లా మూడో వంతు పైనే. రోజువారీ గోధుమ వాడకం మాత్రం ఉత్తరాదిలో సగటున 455 గ్రాములు, దక్షిణాదిలో 25 గ్రాములు. జన్యువుల్లో పెద్ద తేడా లేకపోయినా తిండిలో ఇంత తేడా ఉందంటే, మనల్ని ఇన్నాళ్లూ కాచిన వాటిలో మన ధాన్యాలూ ఉన్నాయనుకోవడం సబబే. ఇప్పుడు చపాతీ, పరోటా, నూడుల్స్, బిస్కెట్లు ఇక్కడి ఇళ్లలోకీ వచ్చాయి. పైగా జబ్బు అరుదైన చోట దాన్ని అనుమానించేవారు తక్కువ. బయటపడిన బిడ్డకు అదే కష్టమున్న తోటివారు దొరకరు.

అనంతపురం ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే కరువు నేల. ఆ వానకు తట్టుకునే రాగి, కొర్ర, సజ్జ, జొన్నల్లో గ్లూటెన్ లేదు. వేరుశనగ సాగు, 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం వీటిని వెనక్కి నెట్టినా, సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం, బొరుగుల ఉగ్గాని ఇంకా ఈ సీమ తిండే. ఖరీదైన గ్లూటెన్ రహిత పొట్లాల కోసం వెతకక్కర్లేదు. సంగటి పాతకాలపు తిండని ఈ వయసు పిల్లలు మొహం తిప్పుకుంటారన్న అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. కానీ ఇంటిల్లిపాదీ చపాతీ తింటూ ఒక్క బిడ్డకే సంగటి వడ్డిస్తే అది రోగి కూడు అవుతుంది. అందరి కంచంలోనూ అదే ఉంటే అది ఇంటి భోజనం. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం అన్నమే. 2023 మార్చిలో దానికి రాగి జావ తోడైంది. ఇలా అందరితో కలిసి తినగల పూట ఎంత ఎక్కువైతే పథ్యం అంత తేలికవుతుంది.

అసలు చిక్కు కంటికి కనబడని గోధుమతో. కొట్లో దొరికే ఇంగువలో గోధుమపిండో మైదానో కలిపి ఉండవచ్చు. గోధుమలు ఆడించిన పిండి మిషనులోనే రాగులు ఆడిస్తే ఆ పిండి అంటుకొస్తుంది. శనగపిండి బజ్జీలో గ్లూటెన్ లేకపోయినా సమోసాలు వేయించిన నూనెలో వేస్తే చెడుతుంది. రాగులతో మాత్రమే చేసిన రాగి మాల్ట్ ఫరవాలేదు గానీ, డబ్బాల్లో వచ్చే చాలా మాల్ట్ పానీయాల్లో బార్లీ, గోధుమ ఉంటాయి. కాబట్టి విడి ధాన్యం కొని, ఏరి, కడిగి, ఎండబెట్టి ఇంట్లోనో, ఆ ధాన్యాలకే కేటాయించిన మిషనులోనో ఆడించుకోవాలి. పొట్లాల మీద గ్లూటెన్ రహితమని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశపు ఆహార ప్రమాణం. ఆ ముద్ర చూసి కొనడం పిల్లలకే నేర్పాలి.

పండక్కి ఒక్క ఓళిగ తింటే ఏమవుతుందన్నది పెద్దలే తెచ్చే అభ్యంతరం. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తిన్నా చూషకాలు దెబ్బతినగలవని 2007 నాటి ఒక పరీక్షలో తేలింది. ఒక్క బ్రెడ్డు ముక్కలోనే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. తిన్న రోజున నొప్పి రాకపోవచ్చు, అందుకే కౌమారులు మోసపోతారు. వద్దని గద్దించడం కన్నా, బియ్యప్పిండి అరిసె చేసిపెట్టడం, రక్తపరీక్ష ఫలితాన్ని వాళ్ల చేతికే ఇచ్చి వివరించడం, హాస్టల్లో వంటవారితో ఏం చెప్పాలో ముందే నేర్పడం మేలు. ఒకసారి తప్పితే దండించకూడదు. దండనకు భయపడ్డవారు తర్వాతి తప్పును దాస్తారు. ఒక జాగ్రత్త తప్పనిసరి: పరీక్షలు పూర్తికాకముందే గోధుమ మానితే వ్యాధి ఉన్నా బయటపడకపోవచ్చు. ముందు నిర్ధారణ, తర్వాతే పథ్యం. ఆ పథ్యం మొదలైన నాటి నుంచి బిడ్డ కంచంలో ఉన్నదే ఇంటిల్లిపాదీ తినాలి.