ఉద్యోగుల జట్టు కప్పులు గెలిచిన ఏడాది



2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. అది చూసిన మా మనవడు “తాతయ్యా, ఈ రహీం గారు నిజంగా ఉన్నారా? మన హైదరాబాదు వారేనా?” అని అడిగాడు. క్రికెట్ స్కోర్లన్నీ కంఠతా వచ్చిన పిల్లవాడికి మన ఫుట్‌బాల్ సంగతి ఒక్కటీ తెలియదు. తప్పు వాడిది కాదు, చెప్పని మనది. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందుగా మన ప్రాంతం సంగతి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లోనే మన ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల వెలిసింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు అప్పుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులు. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయమే వాల్తేరు వదలి గుంటూరులో తల దాచుకోవలసి వచ్చింది. తాడేపల్లిగూడెంలో విమానాల కోసం వేసిన రన్‌వే ఆ రోజులకు గుర్తుగా మిగిలింది. అలాంటి కాలం గడిచాక కాలేజీ మెట్లెక్కిన కుర్రవాళ్లకు ఆట అంటే ఒక ఊరట. బంతి ఒక్కటుంటే ఇరవై ఇద్దరు ఆడుకోవచ్చు. కోతలయ్యాక ఎండిన వరి మళ్లలోనూ, వేసవిలో కొల్లేరు నీరు వెనక్కి తగ్గాక బయటపడిన నేలమీదా ఆడడానికి టిక్కెట్టు అక్కరలేదు, బూట్లు అంతకంటే అక్కరలేదు. తోలుబంతిలో బ్లాడరు పెట్టి, గాలి కొట్టి, లేసు బిగించడం వచ్చినవాడే ఆ రోజున పెద్దమనిషి!

అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. హైదరాబాదు వేరే సంస్థానం. 1948 సెప్టెంబరులో అది భారతదేశంలో కలిసింది. అక్కడి సిటీ పోలీసు జట్టు అప్పటికే పేరున్న జట్టు. 1943లో బెంగుళూరులో ఆష్ గోల్డ్ కప్ పోటీలో రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించి కప్పు తెచ్చుకున్నది. ఆటగాళ్లు పోలీసు శాఖలో నౌకరీ చేసుకునేవారు. మనలాగే నెల జీతం కోసం ఎదురుచూసే కుటుంబీకులు.

ఆ జట్టుకు 1950లో శిక్షకుడుగా వచ్చినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ కాలేజీ ఫుట్‌బాల్ ఆడారు. వృత్తిరీత్యా బడిపంతులు. అందుకే ఆయన్ని అందరూ ‘రహీం సాబ్’ అని గౌరవించినా, ఆయన పద్ధతి మాత్రం మాస్టారి పద్ధతే. బంతిని ఒక్కడే కాళ్ల మధ్య పెట్టుకుని తిప్పుతూ పోవడం ఆయనకు గిట్టదు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతు మీద పోటీలు పెట్టించేవారు. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితోనూ కొట్టగలగాలని సాధన చేయించేవారు. బంతిని వెంటనే పక్కవాడికి అందించు, ఖాళీలోకి పరుగెత్తు. ఇదే ఆయన పాఠం.

ఆ పాఠానికి పరీక్ష ఆ ఏడాదే వచ్చింది. 1950లో బొంబాయి రోవర్స్ కప్ పోలీసు జట్టుదయింది. ఆపైన ఢిల్లీలో డ్యూరాండ్ కప్. 1888లో సిమ్లాలో తెల్లదొరల సైన్యం కోసం మొదలైన ఆ పోటీ యుద్ధం మూలంగా ఆగిపోయి, స్వతంత్రం వచ్చాక మొదటిసారి జరిగింది 1950లోనే. ఫైనల్లో ఎదురైనది కలకత్తా మోహన్ బగాన్. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ గెలిచిన చరిత్ర వారిది. మొదటిరోజు ఆట సమానంగా ముగిసింది. మళ్లీ ఆడించారు. ఈసారి ఒక్క గోల్ తేడాతో పోలీసు జట్టు గెలిచింది. ఒకే ఏడాది రెండు పెద్ద కప్పులు! అక్కడితో ఆగలేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ హైదరాబాదుకే వచ్చింది.

అదే కాలంలో దేశం నేర్చుకున్న ఒక చేదు పాఠం కూడా చెప్పుకోవాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతోనే ఆడి, రెండు పెనాల్టీలు పోగొట్టుకుని, ఫ్రాన్స్ చేతిలో 2–1తో ఓడారు. అయినా లోకం మెచ్చుకుంది. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడినప్పుడు మెచ్చుకునేవారు లేరు. ఆ తరువాతే బూట్లు తప్పనిసరి చేశారు. మెచ్చుకోలు వేరు, తయారీ వేరు అని రహీం గారికి ముందే తెలుసు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి రెండోసారి ఆసియా స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయన ఒంట్లో కాన్సర్ ముదిరి ఉంది. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆ జట్లలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ వంటి హైదరాబాదు వారు ఎందరో ఉన్నారు. తులసీదాస్ బలరాం గారి కథ మన పిల్లలకు తప్పక చెప్పవలసినది. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన ఆ కుర్రవాడికి బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లతో ఒక చెప్పులు కుట్టే ఆయన చేత జత కుట్టించుకున్నాడట. ప్రాక్టీసుకు రావడానికి దారి ఖర్చు లేదంటే, సైకిలు అద్దె తానే ఇచ్చి రప్పించుకున్నారు రహీం గారు. ఆ కుర్రవాడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. తరువాత రైల్వేలో ఉద్యోగం చేశాడు. 2023 ఫిబ్రవరిలో స్వర్గస్థుడయ్యాడు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో హైదరాబాదు జట్టు మనకూ సొంతమయింది. 1961లో ‘ఆంధ్రా పోలీసు’ పేరుతో మళ్లీ డ్యూరాండ్ కప్ గెలిచింది. 1965–66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది. ఇప్పుడు రాష్ట్రాలు మళ్లీ రెండయ్యాయి. కానీ ఆ గెలుపులను పంచుకోవడానికి ఏ కమిటీ వేయనక్కరలేదు, అవి ఇద్దరివీ.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ విజయాలు కోటీశ్వరులు కొనిచ్చినవి కావు. ఒక బడిపంతులూ, కొందరు చిరుద్యోగులూ డ్యూటీతో పాటు సాధన చేసి సంపాదించినవి. పత్రికలకెక్కాయి కాబట్టి డెబ్బై ఐదేళ్ల తరువాత కూడా వాటి గురించి రాయగలుగుతున్నాం. మరి మన కాలేజీల్లో, మన ఊళ్ల మధ్య జరిగిన ఆటల మాటేమిటి? వాటికి సాక్షులం మనమే.

కనుక నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కాగితాల కోసం పెట్టె తెరిచినప్పుడు, అడుగున ఉన్న కాలేజీ జట్టు గ్రూపు ఫోటోను కూడా బయటికి తీయండి. వెనుకవైపు పెన్సిలుతో ఏడాది వేసి, ఎడమ నుంచి కుడికి పేర్లు రాయండి. ఎవరు ఏ స్థానంలో ఆడారో, ఏ ఊరివారో గుర్తున్నంతవరకు చేర్చండి. తరువాత మనవలను పిలిచి చూపించండి. “ఇందులో నువ్వెవరు తాతయ్యా?” అని అడిగేటప్పటికి మనం పక్కనే ఉండాలి కదా!