టెన్నిస్ శిక్షణ ప్రణాళిక

టెన్నిస్ శిక్షణ ప్రణాళిక అనగా ఒక తరగతిలో ఆటగాళ్ళు ఏమి నేర్చుకోవాలి, ఏ క్రమంలో, ఎంతసేపు సాధన చేయాలి అనే విషయాలను శిక్షకుడు ముందుగా నిర్ణయించుకొనే విధానం. ఒక్కొక్కరికి ఎన్ని బంతులు ఆడే అవకాశం వచ్చిందన్నది దీనికి మొదటి గీటురాయి.

వరుసలో ఎదురుచూపు

పిల్లలను వరుసలో నిలబెట్టి, బుట్టలోని బంతులను ఒక్కొక్కటిగా అందించడం చాలాచోట్ల కనిపించే పద్ధతి. ఎనిమిది మంది ఉన్న తరగతిలో శిక్షకుడు 4 సెకన్లకొక బంతి అందించినా నిమిషానికి 15 బంతులే అవుతాయి. ఒక్కొక్కరికి రెండు కూడా రావు. బంతులు ఏరుకొనే సమయం దీనికి అదనం. డబుల్స్ కోర్టు వెడల్పు 10.97 మీటర్లు. ఈ వెడల్పునే పొడవుగా తీసుకొని అడ్డంగా చిన్న కోర్టులు గీస్తే, అదే స్థలంలో నాలుగు జతలు ఒకేసారి ఆడవచ్చు. చిన్న వలలు లేనిచోట రెండు కుర్చీల మధ్య కట్టిన తాడైనా సరిపోతుంది.

బంతుల ఎంపిక

సాధారణ పసుపు బంతి చిన్నపిల్లల భుజాల కంటే ఎత్తుకు లేస్తుంది. అందువలన అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2007లో 'ప్లే అండ్ స్టే' కార్యక్రమాన్ని ప్రారంభించి, నెమ్మదైన బంతులను ప్రోత్సహించింది. పసుపు బంతి కంటే ఎర్ర బంతి 75 శాతం, నారింజ బంతి 50 శాతం, ఆకుపచ్చ బంతి 25 శాతం నెమ్మదిగా వెళతాయి. మొదటి తరగతి నుండే సర్వీస్ చేయడం, ర్యాలీ ఆడడం, స్కోరు లెక్కించడం ఈ కార్యక్రమపు లక్ష్యం. 2012 నుండి 10 ఏళ్ళలోపు వారి పోటీలలో పసుపు బంతి వాడకాన్ని నియమాలు నిషేధించాయి.

తరగతి క్రమం

గంట తరగతిలో మొదటి పది నిమిషాలు కదలికలతో కూడిన సన్నాహక వ్యాయామానికి కేటాయిస్తారు. కదలకుండా కండరాలను సాగదీసే వ్యాయామాలను చివరకు ఉంచడం మేలు. తరువాత కొద్దిసేపు ఆట ఆడించి, లోపాన్ని గమనించి, ఆ ఒక్క అంశంపైనే సాధన చేయించి, మళ్ళీ స్కోరుతో ఆడిస్తారు. ఒకే తరగతిలో నాలుగైదు అంశాలు చొప్పిస్తే ఏదీ నిలవదు.

ఒకే ఫోర్‌హ్యాండ్‌ను ఇరవైసార్లు కొట్టించడం చూడడానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఈ ముచ్చట మోసపుచ్చగలదు. జాన్ షే, రాబిన్ మోర్గాన్ 1979లో చేతి కదలికలపై జరిపిన ప్రయోగంలో, పనులను కలగలిపి సాధన చేసినవారు సాధన సమయంలో వెనుకబడినా, తరువాతి పరీక్షలో మెరుగ్గా రాణించారు. అందువలన కొత్త స్ట్రోకును మొదట విడిగా నేర్పినా, త్వరలోనే బ్యాక్‌హ్యాండ్, వాలీలతో కలిపి ఆడించడం మంచిది.

పోటీలకు సిద్ధమయ్యేవారి సాధనలో విరామాలు కూడా లెక్కలోకి వస్తాయి. నియమాల ప్రకారం పాయింట్ల మధ్య గరిష్ఠ వ్యవధి 25 సెకన్లు, కోర్టు వైపులు మారేటప్పుడు 90 సెకన్లు.