కంటిలో అసహజ రక్తనాళాలు: నానో వైద్య చరిత్ర

కంటిలో ఉండకూడని చోట పుట్టుకొచ్చే రక్తనాళాలను అణచడానికి, నానోమీటర్లలో కొలిచే సూక్ష్మ వాహకాలలో మందు పెట్టి పంపే చికిత్సల చరిత్ర ఇది. మధుమేహ రోగుల రెటీనా, వయసు మళ్లినవారి మాక్యులా, నెలలు నిండని శిశువుల కళ్లు ఈ నాళాలు ఎక్కువగా పుట్టే చోట్లు. ఈ నాళాల గోడలు బలహీనం. వాటి నుంచి నీరు, నెత్తురు కారి చూపు దెబ్బతింటుంది.

పూర్వరంగం

శుక్లాలకు సుశ్రుతుడి నాటి నుంచే చికిత్స ఉన్నా, బతికున్న మనిషి రెటీనాను వైద్యులు చూడగలిగింది 1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపు వచ్చాకే. ఆక్సిజన్ చాలని రెటీనా ఏదో పదార్థాన్ని విడుదల చేసి కొత్త నాళాలను పుట్టిస్తోందని మైకేల్సన్ 1948లో ఊహించాడు. నాళాల పెరుగుదలను ఆపితే కణితి ఎండిపోతుందని జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించాడు. ఆ పెరుగుదలకు కారకమైన వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను నెపోలియోన్ ఫెరారా బృందం 1989లో వేరుచేసింది.

కలకత్తాలో లైపోజోములు

మందు మోసే వాహకాల కథ కంటి ఆసుపత్రుల్లో మొదలు కాలేదు. కొవ్వు పొరలతో ఏర్పడే సూక్ష్మ బుడగలను, అంటే లైపోజోములను, 1960లలో ఇంగ్లండులో అలెక్ బ్యాంగ్‌హామ్ గుర్తించాడు. భారతదేశంలో ఈ పరిశోధనకు గట్టి పునాది వేసినవారిలో ముందు చెప్పుకోదగిన పేరు బిమల్ కుమార్ బచావత్. 1925లో కలకత్తాలో పుట్టిన ఈ జీవరసాయన శాస్త్రవేత్త వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేశాడు. 1962లో భట్నాగర్ పురస్కారం అందుకుని, తరువాత జాదవ్‌పూర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ బయాలజీకి డైరెక్టరయ్యాడు.

లైపోజోము పైపొరకు ఏ చక్కెర అణువు అతికిస్తే అది ఏ అవయవానికి చేరుతుందో చూపుతూ పి. ఘోష్, బచావత్‌లు 1980లో వ్యాసం ప్రచురించారు. బుడగకు చిరునామా రాసి పంపడం లాంటి పని ఇది. అదే సంస్థలో ముకుల్ కుమార్ బసు బృందం మానోజ్ చక్కెర పూసిన లైపోజోములతో కాలా అజార్ మందులను, ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి దాగే మాక్రోఫేజ్ కణాలకే చేర్చే ప్రయోగాలు చేసింది. అప్పటికి కంటి జబ్బు వీరి లక్ష్యం కాదు. అయినా పైపూతతో మందును కోరిన కణానికి నడిపించవచ్చన్న సూత్రం ఆ తరువాతి కంటి పరిశోధనకూ ఆధారమైంది.

కంటికి చేరిన నానో మందు

కంటి చుక్కల్లోని మందులో నూటికి అయిదు వంతులు కూడా లోపలికి చేరవు. అందుకే వర్టీపోర్ఫిన్ వేరే దారిలో వచ్చింది. లైపోజోములలో నింపిన ఈ మందుకు 2000 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి లభించింది. దాన్ని చేతి నరంలోకి ఎక్కించడం మొదలైన పావుగంట తరువాత కంటిలోని జబ్బు నాళాలపై 689 నానోమీటర్ల లేజర్ కాంతిని 83 సెకన్లు ప్రసరిస్తారు. వెలుగు తగిలిన చోటే మందు పనిచేసి ఆ నాళాలను మూసేస్తుంది.

వీఈజీఎఫ్‌ను అడ్డుకునే తరువాతి మందులు సూదితో నేరుగా కంటిలోకి వెళ్లాయి: 2004 డిసెంబరులో పెగాప్టనిబ్, 2006లో రానిబిజుమాబ్, 2011లో అఫ్లిబర్‌సెప్ట్. ఫలితం మెరుగే గాని సూది మళ్లీ మళ్లీ గుచ్చాల్సి వచ్చేది. దాన్ని తగ్గించాలన్న పట్టుదలే నానో పరిశోధనను మళ్లీ ముందుకు తెచ్చింది.

భారత సంతతి శాస్త్రవేత్తల కృషి

కార్నియాలో రక్తనాళాలు లేకపోవడానికి వీఈజీఎఫ్‌ను పట్టి ఉంచే ఒక కరిగే గ్రాహకమే కారణమని వెల్లూరులో పుట్టిన అంబటి బాలమురళి, ఆయన అన్న జయకృష్ణ సహా ఒక బృందం 2006లో ‘నేచర్’ పత్రికలో చూపింది. కణం లోపలే వీఈజీఎఫ్‌ను బంధించే జన్యువును నానో కణాల్లో పెట్టి, వాటికి ట్రాన్స్‌ఫెరిన్, ఆర్‌జీడీ పెప్టైడ్ అనే పైపూతలు పూసి, నరం ద్వారా ఎలుకల కంటి నాళాలకు చేర్చిన ప్రయోగాన్ని ఉదయ్ కొంపెల్ల, బాలమురళి బృందం 2009లో ప్రచురించింది. 2013లో ఇలాంటి చికిత్స కోతుల్లోనూ సత్ఫలితమిచ్చింది.

బంగారు నానో కణాలు వీఈజీఎఫ్‌ను అడ్డుకుంటాయని ప్రియవ్రత ముఖర్జీ బృందం 2005లో గుర్తించింది. 20 నానోమీటర్ల బంగారు కణాలు రక్తానికీ రెటీనాకూ మధ్య ఉన్న అడ్డుగోడను దాటాయని, 100 నానోమీటర్లవి దాటలేదని 2009లో కొరియా శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూశారు. హైదరాబాదు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో చిత్తరంజన్ పాత్ర బృందం నాళాల పెరుగుదలపై లోహ నానో కణాల ప్రభావాన్ని పరిశీలించింది.

ప్రస్తుత స్థితి

పైన చెప్పిన జన్యు, బంగారు కణాల ప్రయోగాలు ప్రయోగశాల, జంతు దశల్లోనివి. కణాలు కంటి లోపలి ద్రవాన్ని మసకబార్చడం, వాపు తేవడం, క్రిములు లేకుండా శుద్ధి చేయడంలోని కష్టం ఇప్పటికీ అడ్డంకులే. భారతదేశంలో ధర మరో పరీక్ష. రానిబిజుమాబ్‌కు బయోసిమిలర్, అంటే దాన్ని పోలిన చవక రూపం, 2015లో ఇక్కడే వచ్చింది. క్యాన్సర్ మందు బెవాసిజుమాబ్ సీసాను చిన్న మోతాదులుగా పంచి వాడే అలవాటూ ఉంది. సూదుల సంఖ్యను నిజంగా తగ్గిస్తేనే నానో మందు వీటితో పోటీపడగలదు.