కూల్ రూఫ్: డాబాకు తెల్ల రంగు వేస్తే ఇల్లు చల్లబడుతుందా? ఎలా వేయాలంటే..

ఎండాకాలం వచ్చిందంటే పై అంతస్తులో ఉండేవాళ్ల తిప్పలు అన్నీ ఇన్నీ కావు. పగలంతా కాగిన స్లాబ్ వేడి రాత్రికి ఇంట్లోకి దిగుతుంది. ఫ్యాన్ వేసినా వేడిగాలే. ఏసీ పెడితే కరెంటు బిల్లు మోత. దీనికి చవకైన దారి కూల్ రూఫ్.

తెల్లటి పైకప్పు ఎండను చాలావరకు వెనక్కి పంపేస్తుంది. దాంతో స్లాబ్ అంతగా కాగదు. 2017లో హైదరాబాద్‌ దేవరకొండ బస్తీలో 25 ఇళ్లపై తెల్లటి షీట్ పరిచి చూస్తే, లోపల వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే కొత్త ఇళ్లకు ఇది తప్పనిసరి. చిన్న ఇళ్లకు మాత్రం యజమాని ఇష్టం. నిజానికి వేడికి ఎక్కువ అల్లాడేది ఆ చిన్న ఇళ్ల వాళ్లే!

ఎలా వేయాలి?

• డాబా ఊడ్చి, కడిగి, ఆరనివ్వండి. బీటలుంటే ముందు పూడ్చండి.

• సున్నం గానీ, రిఫ్లెక్టివ్ వైట్ పెయింట్ గానీ రెండు కోట్లు వేయండి. సున్నం చవక. కానీ వానలకు పోతుంది, ఏటా వేసుకోవాలి.

• దుమ్ము పేరుకుంటే ఫలితం తగ్గుతుంది. అప్పుడప్పుడూ కడగండి.

ఏసీ ఉన్న ఇళ్లలోనూ దానిపై భారం తగ్గుతుంది. కరెంటు ఆదా అయితే జేబుకూ, పర్యావరణానికీ మేలే.