బందరు రైలు



చిలకలపూడి గిల్టు నగలు, పెడన కలంకారీ దుప్పట్లు మన బెజవాడ ఆడవాళ్ళకు కొత్త కాదు. అవి రెండూ బందరు రైలు ఆగే స్టేషన్ల పేర్లే. ఇవాళ ఆ రైలు దారి కథ చెప్పుకుందాం.

బందరు అంటేనే ఓడరేవు. 1611లో ఇంగ్లీషువాళ్ళు వర్తకానికి దిగింది అక్కడే. మన అద్దకం బట్టలు అక్కడ ఓడ లెక్కి దేశదేశాలు చూశాయి. కానీ 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన సుమారు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. పైగా తీరం మేట వేసి, పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ళ దూరంలోనే లంగరు వేసేవి.

అప్పుడు బెజవాడ సంగతేమిటి? 1855కు ఆనకట్ట పూర్తయింది. 1889లో హైదరాబాదు వైపునుంచి రైలొచ్చింది. 1893లో కృష్ణ మీద వంతెన పడింది, 1899లో మద్రాసు దారి కలిసింది. బందరుకు మాత్రం కాలువలో పడవే గతి. సరంగులు గట్టున నడుస్తూ తాడుతో లాగుతుంటే, జనం వంట సామానుతో సహా ఎక్కి కూర్చునేవారు.

ఆఖరికి 1908లో బెజవాడనుంచి గుడివాడ మీదుగా బందరుకు రైలు వేశారు. సుమారు 80 కిలోమీటర్లు. 1928లో గుడివాడనుంచి భీమవరానికి మరో దారి పడి, గుడివాడ జంక్షనయింది.

రైలొచ్చింది కదా, ఇక రేవు కళకళలాడి ఉంటుందనుకుంటాం. అలా జరగలేదమ్మా! దారికి రెండు కొసలుంటాయి. బందరుకు సరుకు తెచ్చే రైలే బందరు పిల్లల్ని చదువులకీ ఉద్యోగాలకీ బెజవాడ చేర్చింది. పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు ప్రధాన కార్యాలయం కూడా తర్వాత హైదరాబాదు వెళ్ళిపోయింది.

అలాగని రైలు చెడు చేసిందనగలమా? కలెక్టరు కచేరీకి, కోర్టుకి వెళ్ళే రైతుకు అదే ఆధారమయింది. పెడన అద్దకానికి, చిలకలపూడి నగకు ఊరు దాటే దారి అయింది. చేతిలో పని ఉన్న ఊళ్ళను రైలు నిలబెట్టింది. మేట వేసిన రేవును మాత్రం అది ఒక్కటే లేపలేకపోయింది.

2023లో బందరులో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. పట్టాలు మాత్రం నూరేళ్ళకు ముందునుంచే అక్కడ ఎదురుచూస్తున్నాయి. ఈసారి బందరు రైలెక్కినప్పుడు, కిటికీ పక్కన కూర్చున్న మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. సెలవు.