నీడబొమ్మలు



చిలకలగూడలో మా యింటి గోడకు తోలుతో చేసిన హనుమంతుని బొమ్మ యొకటి వ్రేలాడుచున్నది. పదేండ్ల క్రిందట వీధిలో అమ్మవచ్చిన యొక వృద్ధుని యొద్ద దానిని కొంటిని. మొన్న నా మనుమరాలు "తాతయ్యా, దీనిని చేసినదెవరు?" అని యడిగినది. కర్త లేనిదే క్రియ లేదని ముప్పదియేండ్లు బడిలో బోధించిన నేను బదులు చెప్పలేకపోతిని. ఆనాడు వెల యడిగితిని గాని పేరడుగనైతిని.

ఇట్టి మరపు మనకే కలిగినది కాదు. ఫొటోగ్రాఫు లేని కాలమున, అమెరికాలో సామాన్యులు ప్రక్కనుండి కనబడు తమ ముఖపు నీడను నల్లకాగితముతో తీయించుకొనెడివారు. 1759లో ఫ్రాన్సు దేశపు ఆర్థికమంత్రిగా నుండి, పొదుపునకు పేరుపడిన సిలూయెట్ పేరే యీ చవుక చిత్రములకు వచ్చినది. ఫిలడెల్ఫియాలో పీల్ అను చిత్రకారుని మ్యూజియమునందు 1802లో ముఖరేఖను గీయు యంత్రమును నిలిపిరి. ఆ రేఖ వెంబడి కత్తిరించినవాడు మోజెస్ విలియమ్స్. బానిసగా పుట్టి, పిదప స్వేచ్ఛ నొందినవాడు. ఒక్క సంవత్సరములోనే ఎనిమిదివేలకు పైగా ముఖములు కత్తిరించెను. అయినను ఆ కాగితములపై పడిన ముద్ర మ్యూజియముదే. అతని పేరు కాదు.

1839 మొదలు 1849 వరకు అమెరికాలో సంచరించిన ఎడువార్ అను ఫ్రెంచివాడు మాత్రము ప్రతి ముఖమునకును రెండవ ప్రతి నుంచుకొని, దానిపై పేరు, ఊరు, తేది వ్రాసెను. తిరుగు ప్రయాణములో ఓడ పగిలి చాల ప్రతులు నీటిపాలైనవి. మిగిలినవి వ్రాతవలననే నేడు చరిత్రకు సాక్ష్యములై నిలిచినవి.

మన నీడబొమ్మలు నల్లనివి కావు. మేకతోలును వెలుగు చొచ్చునంత పలుచన చేసి, చిన్న చిన్న రంధ్రములు పొడిచి, రంగులు వేసి, తెరవెనుక దీపము వెలిగించి ఆడింతురు. పదమూడవ శతాబ్దమువాడైన పాల్కురికి సోమనాథుడు బొమ్మలాటను తన కావ్యమున పేర్కొనెను. ధర్మవరము దాపున నున్న నిమ్మలకుంటలో నేటికిని ఈ పని సాగుచున్నది. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదు లభించినది. కాని ఆట తగ్గి, దీపపు గుడ్డలును గోడ యలంకారములును చేసి బ్రదుకుట యధికమైనది. పాతబొమ్మలు సేకరించువారి యిండ్లకు చేరుచున్నవి.

సేకరించుట దోషము కాదు. గోడనెక్కిన బొమ్మ చెదపురుగునకు దక్కదు. అయితే పేరు లేక చేరిన బొమ్మ సగము బొమ్మయే. కావున మీ యూరికి బొమ్మలాటవారు వచ్చినచో, బొమ్మ కొన్నను కొనకున్నను, చేసినవారి పేరు, ఊరు, సంవత్సరము ఒక కాగితముపై వ్రాయుడు. పిల్లలచేత వ్రాయించుట మరింత మేలు.

నా గోడమీది హనుమంతుని క్రింద నేనును ఒక చీటి యంటించితిని. దానిపై కొన్న సంవత్సరమున్నది. పేరుండవలసిన చోటు ఖాళీగా నున్నది. మీ గోడమీద అట్టి ఖాళీ యుండకూడదని నా మనవి.